బోల్టు ఆయన జేబులోనే ఉంది

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మడానికి తీరిక ఉండాలి కదా. బొగ్గు బాయి మనిషిని కట్టుకున్నదానికి పొయ్యి, నల్లా దగ్గర నీళ్ళ వరస, షిఫ్టు వేళలు, వీపు మీద దెబ్బలు, వీటితోనే పొద్దు గడిచిపోయేది. గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనులో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందనేవాళ్ళు. నేను నవ్వేదాన్ని. ఇప్పటికీ నవ్వుతాను. ఈ ఒక్క సంగతి దగ్గరే నాకు నవ్వు రాదు.

మా మామ రామగిరి గుట్టల కింద ఒక ఊరికి పోలీస్ పటేలు. నిజాం కాలంలో ఆ ఊరి దొర ఆయనకు ఒక పాత రైఫిల్ ఇచ్చాడు. ఒకసారికి ఒక్క తూటానే పట్టేది. పక్కనున్న బోల్టును వెనక్కి లాగి, తూటా పెట్టి, ముందుకు తోసి కిందికి మడిస్తే పేల్చడానికి తయారు. ఆ బోల్టు లోపలే సూది ఉంటుంది. వేలితో గుర్రం, అంటే ట్రిగ్గర్, నొక్కితే ఆ సూది పోయి తూటా అడుగున ఉన్న టోపీకి గుద్దుకుంటుంది, అప్పుడు పేలుతుంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ బోల్టు లేకపోతే అది ఒట్టి ఇనుప గొట్టం. ఇది గుర్తుపెట్టుకోండి.

మామ పోయాక తుపాకీ, మా అత్త ఒకే ఎడ్లబండిలో మా క్వార్టర్‌కు వచ్చారు. చలికాలం. ఇంట్లో ఉన్న ఒక్క గొంగడిని తుపాకీకి చుట్టారు. అత్త కొంగు కప్పుకుని వణుకుతూ దిగింది.

మా ఆయన రాజలింగం బాయిలో షాట్‌ఫైరర్. బొగ్గుకు రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చే పని. ఆయన మందు పెట్టాడంటే అందరూ దూరం జరగాలి. ఆయన అరిచాడంటే అందరూ నోరు మూసుకోవాలి. ఆ పని ఆయనకు బాగా అతికింది. ఇంటికి వచ్చినా షిఫ్టు దిగినట్టు ఉండేవాడు కాదు.

తుపాకీ శుభ్రం చేయడం వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళ పని. దసరానాడు దానికి బొట్టు పెట్టేదీ వాళ్ళే. అత్త నాకు నేర్పింది. ముందు గొట్టంలో సలసల కాగే నీళ్ళు పొయ్యాలి. ఇనుప కడ్డీకి గుడ్డ పేలిక కట్టి, పేలిక తెల్లగా వచ్చేదాకా తొయ్యాలి. తడి ఆరాక ఇప్పనూనె పట్టించాలి. అది ఊళ్ళో గానుగ పట్టించి తెచ్చుకున్న నూనె. ముక్కిపోయిన నెయ్యిలా, కొంచెం చేదుగా వాసన వచ్చేది. అత్త చేతులకు, చీరకు, ఆమె పండుకునే బొంతకు ఎప్పుడూ అదే వాసన.

ఆదివారం శుభ్రం చేయడం అయిపోగానే మా ఆయన ఆట మొదలయ్యేది. నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి, తుపాకీ నా మొహానికి గురిపెట్టి గుర్రం నొక్కేవాడు. టక్కుమని చప్పుడు. అంతే.

"ఖాళీదే గదనే, నవ్వు" అనేవాడు. "కండ్లు మూస్తె మల్ల మొదటికెల్లి."

నేను కళ్ళు మూసేదాన్ని. ఎవరు మూసుకోరు? మళ్ళీ బోల్టు లాగేవాడు, మళ్ళీ గురిపెట్టేవాడు. నేను కళ్ళు తెరిచి నవ్వేదాకా అట్లాగే సాగేది. మా ఆయన గట్టిగా నవ్వేది వారం మొత్తంలో ఆ కాసేపే.

మా ఆయన అవ్వ అని పిలిచే కన్నతల్లి, మా అత్త, గడప మీద చుట్ట తాగుతూ చూసేది. ఒక్క మాట అనేది కాదు. నాకు ఆమె మీద ఉన్న కోపం మా ఆయన మీద కూడా ఉండేది కాదు. ఆయన సంగతి సరే, నువ్వు ఆడదానివి కదా, కొడుకును ఒక్క మాట అనలేవా అని లోపల లోపల తిట్టుకునేదాన్ని. ఒకనాడు ఆయన డ్యూటీకి పోయాక పైకే అడిగాను.

అత్త చుట్ట పీల్చి చెప్పింది. "మీ మామ నన్ను గూడ గిట్లనె కూసోవెట్టేటోడు. అప్పుడు నా కడుపుల గీడే ఉండె. గా గొట్టం ముందల ఇద్దరం కూసున్నం." ఆరిపోయిన చుట్టను మళ్ళీ ముట్టించుకుంది. "పుట్టినంక గీడు మర్చిపోయిండు."

అత్త ఆ చలికాలమే దగ్గుతో మంచం పట్టింది, పోయింది. దినాలు కాగానే మా ఆయన ఆమె బొంతను కాల్చాడు. ఇప్పనూనె డబ్బాను తీసుకుపోయి మోరీలో కుమ్మరించాడు. ఆ కంపు ఇంట్లో ఉండొద్దన్నాడు. వర్క్‌షాపు నుంచి మిషన్ ఆయిల్ తెచ్చి, ఇకనుంచి తుపాకీకి ఇదే పెట్టమన్నాడు. ఆ తర్వాత నేను చెప్పబోయేది జరిగేదాకా మా ఇంట్లోకి ఇప్పనూనె చుక్క రాలేదు. ఈ మాట నేను ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను.

వానలు మొదలైనాక ఒక శనివారం మా ఆయన కమాన్‌పూర్ వైపు ఒక రైతు చేనుకు పోయాడు. మక్కజొన్నలో అడవి పందులు పడుతున్నాయట. తూటాలు ఆయన సందుకలో తాళం వేసి ఉండేవి, తాళంచెవి మొలతాడుకు. పందులు రాలేదు. తాగి ఇంటికి వచ్చి తుపాకీని మూలకు ఆనించి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున శుభ్రం కూడా చేయనివ్వలేదు. మా అన్న నన్ను చూడటానికి వస్తానని కబురు చేశాడని కోపం. నన్ను గోడకు కూర్చోబెట్టాడు. గురిపెట్టాడు. నొక్కాడు.

టక్కుమంది. ఎప్పటిలాగే.

నేను కళ్ళు మూసుకున్నాను కాబట్టి మళ్ళీ బోల్టు వెనక్కి లాగాడు. లాగి, లోపలికి చూసి ఆగిపోయాడు. లోపల తూటా ఉంది. శనివారం చేను దగ్గర పెట్టిన తూటా. ఆయన తుపాకీని పక్కకు తిప్పితే, దాని టోపీ మీద సూది గుద్దిన గుంట నా కంటికి కూడా కనిపించింది. చిన్న గుంట. పప్పు గింజ ఆనవాలంత.

మా ఆయన మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ తర్వాత నవ్వాడు.

"బతికినవ్ పో. చాయ్ పెట్టు" అన్నాడు.

ఆయన తెలిసే నొక్కాడో, మర్చిపోయి నొక్కాడో నేను అడగలేదు. రెండింటికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

నేను పొయ్యి దగ్గరికి పోతుంటే జుట్టు పట్టి వెనక్కి లాగాడు. బోల్టును తుపాకీలోంచి ఊడదీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. జిగటగా ఉంది. ఇప్పనూనె వాసన. సూది చుట్టూ, తూటా అడుగున, అంతా అదే నూనె. మిషన్ ఆయిల్ పల్చగా నల్లగా ఉంటుంది, ఇది పసుపుపచ్చగా గడ్డకట్టి ఉంది. ఆ జిగటకే సూది మెత్తగా తగిలింది, అందుకే పేలలేదు.

"ఎక్కడికెల్లి తెచ్చినవే?" అని బెల్టు తీశాడు. నేను తేలేదు. ఎన్ని దెబ్బలు పడినా తెచ్చానని చెప్పలేదు. తేనిది తెచ్చానని ఎట్లా చెప్తాను?

ఇక తూటా సంగతి. పాత తుపాకీ కదా, తూటాను పట్టి బయటికి లాగే కొక్కెం అరిగిపోయింది. బోల్టు వచ్చింది కానీ తూటా లోపలే ఇరుక్కుంది. మూతి వైపు నుంచి కడ్డీ పెట్టి పొడిస్తే వచ్చేసేదేమో. మా ఆయన పొడవనివ్వలేదు. ఇక్కడే షాట్‌ఫైరర్ బుద్ధి పనిచేసింది.

బాయిలో మందు పెట్టిన రంధ్రం పేలకపోతే దాన్ని మిస్‌ఫైర్ అంటారు. దాన్ని ఎవరూ గెలకకూడదు. గెలికి పోయినవాళ్ళు ఉన్నారు. దాన్ని అట్లాగే వదిలి, పక్కన దూరంగా ఇంకో రంధ్రం వేసి రెండింటినీ కలిపి లేపాలి. మందు పేల్చే బ్యాటరీకి ఒక తాళంచెవి ఉంటుంది. అది షాట్‌ఫైరర్ జేబులో ఉన్నంతసేపూ ఏ రంధ్రమూ పేలదు. ఆ నియమం మీదనే ఆయన ఇన్నేళ్ళు బతికాడు. బాయిలో అది సరైనదే. తుపాకీకి కూడా అదే చాలుననుకున్నాడు.

"మిస్‌ఫైరును గెలుకద్దు" అన్నాడు. బోల్టును తుడిచి అంగీ జేబులో వేసుకున్నాడు. "తాళం నా తాన ఉన్నంక అది పేలదు."

తూటా లోపల ఉండగానే తుపాకీని గోడ కొయ్యల మీద పెట్టాడు. మా క్వార్టర్ రెండు గదులు. ముందు గది గోడకు కొయ్యలు, ఆ గోడ కొసన వంటగది తలుపు, ఆ తలుపులోంచి నేరుగా పొయ్యి, పొయ్యి ముందు నా పీట. మూతిని కిందికి వంచి పీట వైపే తిప్పి పెట్టాడు. అటు తిప్పి పెట్టొచ్చు కదా అన్నాను. చెంప మీద ఒకటి పడింది. పైగా నేను కదిలిస్తే తెలియాలని, మందు పేల్చే సన్నటి తీగ ముక్కతో తుపాకీ మెడను కొయ్యకు కట్టాడు. తీగ మెలివేయడం ఒక్కొక్క షాట్‌ఫైరర్‌ది ఒక్కో తీరు. ఆయన మెలిక ఇంకొకరికి రాదు.

అప్పటినుంచి నేను ఆ గొట్టం ముందు కూర్చునే వండాను. బొగ్గు పొయ్యి గోడలో కట్టింది, జరపడానికి లేదు. రొట్టె తట్టేటప్పుడు మెడ వెనక చల్లగా అనిపించేది. పక్క క్వార్టర్ రహీమాబీ ఒకరోజు చూసి, "అయ్యో బిడ్డ, గిది తుపాకీ కింద సంసారం గాదు, తుపాకీతోనే సంసారం" అంది. మా అన్న వచ్చాడు, చూశాడు, చాయ్ తాగి పోయాడు. ఓపిక పట్టమన్నాడు. వాడి నోట్లో మన్ను పొయ్య.

మా ఆయన మటుకు బోల్టును ఒక్క క్షణం వదల్లేదు. డ్యూటీకీ దానితోనే, నిద్రకూ దానితోనే. బాయి దగ్గర తోటివాళ్ళకు తీసి చూపించేవాడట, ఇంట్లో పెండ్లానికి తాళం వేసి వచ్చిన అని.

ఒకరోజు ఫస్ట్ షిఫ్టు దిగి మధ్యాహ్నం వచ్చాడు. నేను జొన్నరొట్టెలు చేస్తున్నాను. ఒకటి విరిగింది. అంతే, గిన్నె తన్నాడు.

"మా అవ్వ గిట్లనె చేసిందా? లెవ్వు. నేను చూపెడ్త."

కొప్పు పట్టి లాగి పెరటి తలుపు వైపు విసిరాడు. పోయి పోయి నా పీట మీద కూర్చున్నాడు. రొట్టె తట్టలేదు. నన్ను వెక్కిరించడం మొదలుపెట్టాడు. ముందు గది వైపు, ఆ తుపాకీ వైపు తిరిగి, భుజాలు ముడుచుకుని, చేతులు ముందుకు పెట్టి వణికాడు. ఆదివారాలు నేను ఎట్లా కూర్చుంటానో అట్లాగే.

"గిట్ల గదా నువ్వు కూసునేది" అన్నాడు. కళ్ళు గట్టిగా మూశాడు.

నేను పెరటి తలుపు దగ్గర నేల మీదే ఉన్నాను. ముందు గదిలో ఎవరూ లేరు. వీధి తలుపు లోపలినుంచి గొళ్ళెం పెట్టి ఉంది, ఆయనే వచ్చి పెట్టాడు.

అప్పుడు వాసన వచ్చింది. ఇప్పనూనె. పొయ్యి మీద పెనం తప్ప ఇంకేం లేదు. ఆయనకూ వచ్చినట్టుంది, ముక్కు ఎగబీల్చాడు. కళ్ళు తెరిచి ముందు గదిలోకి చూశాడు. వెక్కిరింపు పోయింది. ఆ మొహం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చిన్నపిల్లవాడి మొహం.

"అవ్వ, వద్దు" అన్నాడు.

తుపాకీ పేలింది.

గుండు ఆయన కుడి భుజంలో దిగి ఎముకను నుజ్జు చేసింది. ఇంటి కప్పు నుంచి మసి రాలింది. చుట్టుపక్కలవాళ్ళు వీధి తలుపు బాదుతుంటే నేనే లేచి గొళ్ళెం తీశాను. ముందుగా లోపలికి వచ్చింది రహీమాబీ. నెత్తురు చూడకముందే ఆమె అడిగిన మాట, "ఇప్పనూనె ఎవరు కాస్తుండ్రు?" అని. ఆమె వెనక వచ్చినవాళ్ళందరికీ ఆ వాసన తగిలింది. కావాలంటే అడిగి చూడండి అనేదాన్ని, కానీ ఇప్పుడు వాళ్ళలో చాలామంది లేరు.

నేనే పేల్చానని ఊరంతా అనుకుంది. అనుకోవడంలో తప్పేం లేదు, వాళ్ళ స్థానంలో నేనున్నా అదే అనుకునేదాన్ని. కానీ కంపెనీ దవాఖానలో అంగీ కత్తిరించినప్పుడు బోల్టు ఆయన జేబులోంచే బయటపడింది. నెత్తురుతో జేబుకు అతుక్కుపోయి ఉంటే కంపౌండరు పీకి తీశాడు. నలుగురూ చూశారు. నన్ను జైలుకు పోకుండా ఆపింది ఆ బోల్టే.

ఠాణా నుంచి తుపాకులు తెలిసిన ఒక జమేదారు వచ్చాడు. తుపాకీని కొయ్యల మీద ఉండగానే చూశాడు. తీగ తెగలేదు, మెలిక విప్పలేదు. మా ఆయన తోటి షాట్‌ఫైరర్‌ను పిలిచి చూపిస్తే ఇది రాజలింగం మెలికే అన్నాడు. బోల్టు లేకుండా ఏ వేడికో తూటా పేలినా, ఖాళీ ఇత్తడి డొల్ల వెనక్కి ఎగిరి పడాలట. ఎగరలేదు. వెనక ఎవరో గట్టిగా నొక్కి పట్టుకున్నట్టు ఉన్నచోటే ఉంది.

జమేదారు కడ్డీతో ఆ డొల్లను తోసి అరచేతిలో వేసుకున్నాడు. వాసన చూశాడు. తిప్పి టోపీ చూశాడు. నాకూ చూపించాడు.

రెండు గుంటలున్నాయి. ఒకటి నాకు తెలిసిందే, మెత్తగా పడ్డది, పచ్చటి జిడ్డు పేరుకుని ఉంది. రెండోది దాని పక్కనే, లోతుగా, మెరుస్తూ, కొత్తగా.

"ఇది దేంతోని గుద్దినవమ్మా?" అన్నాడు.

పేలినప్పుడు ఆ సూది మా ఆయన గుండెకాయ మీద, జేబులో ఉంది. జమేదారు డొల్లను రుమాలులో కట్టుకున్నాడు. తుపాకీని ఠాణాకు తీసుకుపోయారు. మేము తిరిగి అడగలేదు.

మా ఆయన చావలేదు. భుజం దగ్గరికి చెయ్యి తీసేశారు. కంపెనీ బాయి పైన దీపాలిచ్చే లాంప్ రూములో చిన్న పని ఇచ్చింది. ఎడమ చేత్తో అన్నం తినడం ఆయనకు నామోషీ, నేనే తినిపించాలి. చిన్న చిన్న ముద్దలు పెట్టేదాన్ని. ఇంకా ఆకలిగా ఉందని అడిగేదాకా ఆగేదాన్ని. అడగడానికి ఆయనకు చాలాసేపు పట్టేది.

ఆ రోజు ఏం చూశావని ఒక్కసారి అడిగాను. ఏం చూడలేదన్నాడు. అవ్వా అన్నావు కదా అంటే, అనలేదన్నాడు. సరేనన్నాను.

తర్వాతి ఆదివారం రహీమాబీతో చెప్పి సంతకు పోయేవాళ్ళ చేత ఇప్పనూనె తెప్పించాను. ఆయనను ఆ గోడకే ఆనించి కూర్చోబెట్టి, ఎదురుగా ప్రమిదలో దీపం పెట్టాను. వాసన లేవగానే ఆయన నుదుటి మీద చెమట పట్టింది. కళ్ళు మూశాడు, వెంటనే ఉలిక్కిపడి తెరిచాడు. ఇక మూయలేదు. నూనె అయిపోయేదాకా రెప్ప కొట్టడానికి కూడా భయపడ్డాడు.

ఆయన పోయేదాకా ఏ ఆదివారమూ నేను దీపం తప్పలేదు. తప్పు చేశానని నేను ఎన్నడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఆ రెండో గుంట ఎట్లా పడిందో నాకు తెలియదు. మోరీలో పారబోసిన నూనె సూదికి ఎట్లా అంటిందో తెలియదు. మా అత్త బతికున్నన్నాళ్ళూ గడప మీద కూర్చుని చూసిందే తప్ప వేలు కదపలేదు. అట్లాంటి మనిషి చచ్చాక కదిలిందంటే నమ్మడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు.

కానీ ఒకటి ఉంది. ఆ దీపం ముందు నేను మా ఆయనకు ఎదురుగా కూర్చునేదాన్ని, చాప మీద నాకు చాలా చోటుండేది. ప్రతి ఆదివారం, దీపం అంటుకున్న కాసేపటికి, ఆయన నా వైపు కాకుండా నా పక్కకు చూసేవాడు. చూసి, కాళ్ళు మెల్లగా వెనక్కి ముడుచుకునేవాడు, అక్కడ కూర్చున్న మనిషికి తగలకుండా.